ఆరు తులాల మౌస్: నాలుగు నెలలు వాడినంక నా మాట

మార్చి నెలల ఒకరోజు పొద్దుగాల, ప్రకాశం బజార్ల మా బావ పనిచేసే బంగారం షాపు షట్టర్ ఇంక సగమే లేపిండ్రు, నేను పోయి బ్యాగుల నుంచి రెండు మౌస్‌లు తీసి కౌంటర్ మీద పెట్టిన. ఒకటి మూడేండ్ల నుంచి వాడుతున్న పాత వైర్‌లెస్ మౌస్, ఇంకోటి ముందురోజు సికింద్రాబాద్ నుంచి తెచ్చిన లాజిటెక్ జీ ప్రో ఎక్స్ సూపర్‌లైట్ 2. "బావా, జెర ఇవి తూకమెయ్యి" అన్న. పాతది లోపలున్న పెన్సిల్ సెల్లుతోటి కలిపి 99 గ్రాములు వచ్చింది, అంటే పది తులాలకు ఒక్క గ్రాము తక్కువ. కొత్తది 60కి జెరంత అటు. ఆరు తులాలు. "నాలుగు తులాలు తగ్గనీకె పదిహేను వేలు పెట్టినవా బామ్మర్దీ" అన్నడు బావ. అప్పుడు నా దగ్గర సక్కటి జవాబు లేకుండె. ఇప్పుడున్నది, అందుకే ఈ పోస్ట్ రాస్తున్న.

ముందు నా సంగతి చెప్తే మిగతాది అర్థమైతది. నల్లగొండల పెండ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్త. కరిజ్మా షీట్లు, అంటే ఫోటోలు పేర్చి చేసే ఆల్బమ్ పేజీలు, ఫేస్ కరెక్షన్, కటింగ్, బ్యాక్‌గ్రౌండ్ మార్చుడు, అంతా మౌస్ మీదనే. ముహూర్తాలున్న నెలల్ల పొద్దుగాల తొమ్మిదికి కూసుంటే రాత్రి ఎనిమిది దాక చెయ్యి మౌస్ మీద నుంచి లెవ్వదు, ఆ తర్వాత అన్నం తిని పది నుంచి పన్నెండు దాక తమ్ముడు, ఇద్దరు దోస్తులతోటి వాలరెంట్ అనే గురి పెట్టి కాల్చే కంప్యూటర్ గేమ్. అంటే రోజుకు పన్నెండు పదమూడు గంటలు. మాఘమాసం పెండ్లిళ్ల పని అయిపోయేసరికి కుడి మణికట్టు దగ్గర నొప్పి మొదలైంది, బొటనవేలు కింద సుత లాగినట్టు అయితుండె. ఆ టైంల పాత మౌస్‌కు డబుల్ క్లిక్ రోగం సుత వచ్చింది, ఒక్కసారి నొక్కితే రెండుసార్లు పడ్డట్టు, ఫోటోషాప్‌ల పెన్ టూల్‌తోటి చీర అంచు కట్ చేసేటప్పుడు ఒక్క పాయింట్ కాడ రెండు పాయింట్లు పడితే ఎంత మంట లేస్తదో చేసినోళ్లకే ఎరుక.

ఇంత ఖరీదు మౌస్ కొనే ముందు చేత్తో పట్టి చూడాలె అనేది నా పట్టుదల. మన గడియారం సెంటర్ చుట్టుపక్కల కంప్యూటర్ షాపులల్ల ఆఫీస్ మౌస్‌లు, రంగురంగుల లైట్లవి ఉంటయి, ఈ రేటువి అడిగితే తెప్పిస్తమంటరు గని బాక్స్ విప్పి చేతికియ్యరు, వాళ్లను అననీకె లేదు, పదిహేను వేల వస్తువు సీల్ తీస్తే ఇంకెవరు కొంటరు. అందుకని ఒక శనివారం బస్సెక్కి ఎల్బీ నగర్‌ల దిగి, మెట్రోల ఎంజీబీఎస్ కాడ మారి పరేడ్ గ్రౌండ్స్ దాక పోయి, ఆడికెళ్లి కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్. ఆడ ఒక షాపుల డిస్‌ప్లే పీసులు ఉన్నయి. గంటసేపు నిలబడి మూడు పట్టి చూసిన. సూపర్‌లైట్ 2, రేజర్ వైపర్ వీ3 ప్రో, రేజర్ డెత్‌యాడర్ వీ3 ప్రో.

ఈడ ఒక ముచ్చట గట్టిగ చెప్తున్న. పోయే ముందు మీ చెయ్యి కొలుసుకోండి. మణికట్టు గీత కాడి నుంచి నడిమి వేలు కొస దాక స్కేలు పెట్టండి, నాది పద్దెనిమిదిన్నర సెంటీమీటర్లు. సూపర్‌లైట్ 2 పొడుగు 125 మిల్లీమీటర్లు, వెడల్పు 63.5, ఎత్తు 40. వైపర్ సుత ఇంచుమించు గంతే, 127 పొడుగు, బరువేమో ఇంకా తక్కువ, 54 గ్రాములు. కాయితం మీద చూస్తే రెండూ అన్నదమ్ములే. కానీ చేతిల పట్టంగనే వేరే సంగతి. అరచెయ్యి మొత్తం మౌస్ మీద వాలేటోళ్లు ఉంటరు, దాన్ని పామ్ గ్రిప్ అంటరు. అరచెయ్యి వెనక కొస మాత్రమే తగిలి వేళ్లు గద్ద కాళ్లలెక్క వంగితే క్లా గ్రిప్. వేళ్ల కొసలతోటే పట్టేటోళ్లు ఇంకొందరు. నాది పనిల పామ్, ఆటల క్లా. డెత్‌యాడర్ కుడిచేతికే చేసిన షేపు, 63 గ్రాములు, పట్టంగనే చెయ్యి చల్లగ కూసున్నట్టుంది గని క్లా పట్టుకు వచ్చేసరికి నా ఉంగరపు వేలికి జాగ దొరకలె. వైపర్ వీపు నాకు జెర చదునుగ అనిపించింది. సూపర్‌లైట్ రెండు పట్లకూ ఒప్పుకున్నది. గంతే, నా నిర్ణయం ఆడనే అయిపోయింది, మౌస్ కదలిక పసిగట్టే సెన్సర్ గురించి ఒక్క మాట సుత అడగలె.

ఎందుకు అడగలేదంటే, ఇప్పుడు ఈ రేటుల సెన్సర్ బాగలేని మౌస్ లేదు. నా బాక్స్ మీద 32,000 డీపీఐ అని రాసి ఉండె, అది చూసి మురిసేటోళ్లున్నరు. లెక్క చేసి చూడండి. డీపీఐ అంటే మౌస్ ఒక ఇంచు కదిలితే కంప్యూటర్‌కు ఎన్ని అడుగులు అని చెప్తదో ఆ సంఖ్య. మన మామూలు ఫుల్ హెచ్‌డీ స్క్రీన్ అడ్డం 1920 పిక్సెళ్లు. 32,000 పెడితే బాణం గుర్తు ఎడమ అంచు నుంచి కుడి అంచుకు పోనీకె మౌస్ ఒకటిన్నర మిల్లీమీటర్ కదిలితే చాలు. దాంతోటి ఎవరు ఏం గురి పెడతరు చెప్పండి. పేరున్న ప్లేయర్లు ఎక్కువమంది 400 నుంచి 1600 మధ్యలనే ఆడుతరు, నేను 800.

పోలింగ్ రేట్ సుత గట్లనే. మౌస్ సెకనుకు ఎన్నిసార్లు కంప్యూటర్‌కు కబురు పంపుతదో అది. 125 హెర్ట్జ్ అంటే 8 మిల్లీసెకన్లకు ఒకసారి, 1000 అంటే ఒక మిల్లీసెకన్‌కు ఒకసారి, 8000 అంటే 0.125. ఆఫీస్ మౌస్ నుంచి 1000కి వస్తే తేడా నిజంగనే తెలుస్తది. 1000 నుంచి 8000? మీ మానిటర్ 60 హెర్ట్జ్‌దైతే ఒక్కో బొమ్మ మారనీకె 16.7 మిల్లీసెకన్లు పడుతది, మౌస్ ఎంత తొందరగ చెప్పినా కంటికి కనపడేది ఆ స్పీడ్‌ల కాదు గద. నాది 144 హెర్ట్జ్, అందుల సుత 6.9. పైగ పోలింగ్ పెంచితే ప్రాసెసర్ మీద లోడ్ పడుతది, బ్యాటరీ తొందరగ దిగుతది. వైపర్‌కు కంపెనీ చెప్పే లెక్కనే చూడండి, 1000 కాడ 95 గంటలు, 8000 కాడ 17 గంటలు. నేను 1000 మీద పెట్టి మర్చిపోయిన, సూపర్‌లైట్‌కు సుత 95 గంటలే చెప్తరు, నా వాడకానికి వారానికి ఒక్కసారి, ఆదివారం పొద్దుగాల ఛార్జింగ్ పెడుత. టైప్-సీ కాబట్టి ఫోన్ వైరే సరిపోతది, ముందటి సూపర్‌లైట్‌కు మైక్రో యూఎస్‌బీ ఉండె, సెకండ్ హ్యాండ్ల తీసుకునేటోళ్లు అది చూసుకోండి.

సెన్సర్ ఎట్ల పనిచేస్తదో మాత్రం తెలుసుకుంటే మంచిది, ప్యాడ్ ఎందుకు ముఖ్యమో అర్థమైతది. మౌస్ అడుగున కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ లైటు వాలుగ పడుతది, బట్ట పోగుల మీద సన్నటి నీడలు వస్తయి, పక్కనే ఉన్న చిన్న కెమెరా సెకనుకు వేల ఫోటోలు తీసుకుంట, ముందు ఫోటోల నీడలు ఈ ఫోటోల ఎటు జరిగినయో చూసి లెక్క కడుతది. ఇది చదివినప్పుడు నాకు మన పానగల్ ఛాయా సోమేశ్వరాలయం యాదికొచ్చింది. ఆడ సూర్యుడు కదిలినా గర్భగుడిల స్తంభం నీడ కదలదు, చిన్నప్పుడు నాయిన తోలుకపోయి చూపెట్టిండు, లైటు ఏ మూల నుంచి ఎట్ల రావాల్నో లెక్క తెలిసినోళ్లే ఆ గుడి కట్టిండ్రు. మౌస్‌ల సుత అంతా వెలుతురు మూలదే. అందుకే అద్దం బల్ల మీద, నున్నటి సన్‌మైకా మీద నీడ సరిగ్గ పడక మౌస్ తడబడుతది. మంచి బట్ట ప్యాడ్ వేసుకోండి.

నన్ను బాగ ఇబ్బంది పెట్టిన సంగతి ఇది. కొన్న రెండో వారంల, ఒక పెండ్లి డేటా హార్డ్‌డిస్క్ నుంచి కాపీ పెట్టి పక్కనే ఆల్బమ్ పని చేసుకుంటున్న, బాణం గుర్తు ఆగి ఆగి పోతున్నది. మౌస్ పోయిందనే అనుకున్న, గుండె జారింది, పదిహేను వేలు గద. కాపీ అయిపోయింది, మౌస్ సక్కగ అయింది. మళ్ల రాత్రి కాపీ పెట్టిన, మళ్ల గట్లనే. అప్పుడు కూసోని చదివితే తెలిసింది, యూఎస్‌బీ 3.0 పోర్టు, దాని కేబుల్ నడిచేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుట్టిస్తదట, దీని మీద ఇంటెల్ కంపెనీ 2012లనే పేపర్ రాసింది. వైర్‌లెస్ మౌస్ సుత ఆ 2.4 గిగాహెర్ట్జ్ మీదనే మాట్లాడుతది, ఇంట్ల 2.4 గిగాహెర్ట్జ్ వైఫై, బ్లూటూత్ సుత గదే తొవ్వ. నా డాంగిల్, అంటే మౌస్ కబురు అందుకునే చిన్న యూఎస్‌బీ ముక్క, ఏమో సీపీయూ వెనకాల హార్డ్‌డిస్క్ పోర్టు పక్కనే పెట్టిన, సీపీయూ బల్ల కింద, ఇనుప డబ్బా అడ్డం. తప్పు మౌస్‌ది కాదు, నేను పెట్టిన జాగది. బాక్స్‌లనే ఛార్జింగ్ వైరు, దానికి తగిలించే చిన్న అడాప్టర్ ఇస్తరు, డాంగిల్‌ను దాని కొసకు పెట్టి బల్ల మీదికి, మౌస్‌కు జానెడు దూరంల తెచ్చిపెట్టిన. ఆ రోజు నుంచి ఈ రోజు దాక ఒక్కసారి ఆగలె. వైర్‌లెస్‌ల లేట్ ఉంటది అని తిట్టేటోళ్లల్ల ఎంతమంది డాంగిల్ సీపీయూ వెనకాల పెట్టుకున్నోళ్లో అని ఇప్పుడు అనిపిస్తది.

ఇంట్లనే చేసుకునే టెస్టులు రెండు చేసిన. ఒకటి, పెయింట్ తెరిచి నిదానంగ ఏటవాలు గీతలు గీసుడు. గీత మెట్లుమెట్లుగ వణికినా, మీరు వంకర గీసినా తానే సాపు చేసినా సెన్సర్ల గడబిడ ఉన్నట్టు. దీంట్ల చెయ్యి ఎట్ల పోతే గీత అట్లనే పోయింది. రెండోది, మౌస్ లేపితే ఎంత ఎత్తుల పట్టు ఇడుస్తదో చూసుడు. స్టూడియోల పెండ్లి డీవీడీలకు కొదువ లేదు, ఒక్కో డిస్క్ మందం 1.2 మిల్లీమీటర్లు. రెండు డిస్క్‌లు పక్కపక్కన పెట్టి, మధ్య సందుల సెన్సర్ వచ్చేటట్టు మౌస్ పెట్టి కదిలించిన, బాణం జెరజెర కదిలింది. ఒకదాని మీద ఒకటి పేర్చి రెండింతల ఎత్తు చేసినంక కదలలె. గేమ్‌ల సెన్సిటివిటీ తక్కువ పెట్టుకున్నోళ్లు, అంటే మౌస్ ఎక్కువ జరిపితేనే గురి కదిలేటోళ్లు, మౌస్ లేపి లేపి పెడుతరు కాబట్టి ఈ ఎత్తు తక్కువ ఉండాలె, లేకపోతే లేపినప్పుడల్ల గురి పక్కకు పోతది.

స్విచ్‌ల సంగతి. పాత మౌస్‌కు వచ్చిన డబుల్ క్లిక్ రోగానికి కారణం లోపలుండే సన్నటి రాగి రేకు. నొక్కినప్పుడు రేకు తగిలితే కరెంటు పోతది, లక్షలసార్లు తగిలి తగిలి అరుగుతది, గాలికి మచ్చ పడుతది, అప్పుడు ఒక్క నొక్కుకు రెండుసార్లు తగిలినట్టు లెక్కైతది. ఆప్టికల్ స్విచ్‌ల రేకు తగిలే పని లేదు, లైటు దారి తెరుసుకుంటే క్లిక్ అన్నట్టు. సూపర్‌లైట్ 2ల ఉన్నది రెండూ కలిపిన రకం, క్లిక్ పసిగట్టేది లైటు, వేలికి టక్కుమని తెలిసేది మెకానికల్. నొక్కుడు జెర గట్టిగనే ఉంటది, చప్పుడు సుత స్పష్టంగ వస్తది, రాత్రి పూట పక్క రూంల నుంచి అమ్మ "ఏంరా ఇంక పండుకోలేదా" అంటది. నాకైతే ఆ చప్పుడు ఇష్టం, నొక్కిన సంగతి వేలికి తెల్వాలె.

ఎండకాలం గురించి ఏ వీడియోల చెప్పరు గని మనకు అదే అసలు పరీక్ష. ఏప్రిల్, మే నల్లగొండ ఎండ మీకు చెప్పేదేముంది, రాత్రి పదకొండుకు సుత గోడలు సెగలు కక్కుతయి. అరచెయ్యి చెమటకు నున్నటి ప్లాస్టిక్ జారుతది, బాక్స్‌ల ఇచ్చిన గ్రిప్ టేప్ మే మొదటి వారంల అంటించిన, బొటనవేలు కాడ, చిటికెన వేలు కాడ. అంతకన్న ముఖ్యమైంది కూలర్. ఎదురుంగ కూలర్ పెట్టుకుంటే ఆ తడి గాలికి బట్ట ప్యాడ్ మెత్తబడి, మౌస్ కింద పాదాలు ఈడ్చినట్టు పోతయి. ఆ పాదాలు పీటీఎఫ్‌ఈ, అంటే నాన్‌స్టిక్ పెనం మీద పూసే టెఫ్లాన్ రకం, వాటిల తప్పేం లేదు, ప్యాడ్ తడిదే. కూలర్ గాలి కాళ్ల దిక్కు మలిపిన, పది రోజులకోసారి ప్యాడ్ ఎండల ఆరేసిన, సక్కగ అయింది.

ఇగ అసలు సంగతి, ఆ నాలుగు తులాలు. ముందు నేను 1600 డీపీఐ, గేమ్‌ల 0.5 సెన్సిటివిటీ. అంటే గేమ్‌ల నా బొమ్మ ఉన్న జాగలనే ఒక్క తిరుగుడు పూర్తిగ తిరగనీకె మౌస్ 16 సెంటీమీటర్లు జరిపితే చాలు. అంత చిన్న జాగల పని మొత్తం మణికట్టే చేస్తది, అటుఇటు తిప్పుకుంట. బరువు మౌస్‌తోటి సెన్సిటివిటీ అంతకన్న తగ్గించాలంటే చెయ్యి ఒప్పలె, చాలాసార్లు చూసిన, అరగంటకే భుజం గుంజేది. కొత్తది వచ్చినంక మెల్లగ తగ్గించుకుంట వచ్చిన, ఇప్పుడు 800 డీపీఐ, 0.35. ఒక్క తిరుగుడుకు 46 సెంటీమీటర్ల పైన. అంటే మణికట్టు కాదు, మోచెయ్యి నుంచి మొత్తం చెయ్యి కదులుతది. 60 గ్రాములు కాబట్టే రెండు గంటలు అట్ల జరిపినా బరువు తెలుస్తలేదు. మొదటి మూడు వారాలు మాత్రం ఘోరంగ ఆడిన, తమ్ముడు "అన్నా పాతదే పెట్టరాదు" అని బతిమిలాడిండు. నాలుగో వారంల ఒకరోజు మూలమలుపు కాడ ఎదుటోడు కనపడంగనే చెయ్యి దానంతట అదే పోయి ఆగినట్టయింది. ర్యాంక్ ఏం అమాంతం పెరగలె, నిజం చెప్తున్న, ఒక మెట్టు ఎక్కిన. కానీ గురి నిలబడుడు పెరిగింది, చిన్న చిన్న దిద్దుబాట్లు తగ్గినయి.

పనిల సుత ఇదే మార్పు. విండోస్‌ల మౌస్ సెట్టింగ్‌లకు పోయి ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రిసిషన్ అనే టిక్ తీసేసిన, అది ఉంటే మౌస్ ఎంత స్పీడ్‌గ జరిపితే బాణం అంత ఎక్కువ దూరం ఉరుకుతది, చేతికి లెక్క అలవాటు కాదు. పక్కనున్న రెండు బటన్లకు ఒకదానికి అన్‌డూ, ఇంకోదానికి బ్రష్ చిన్నగ చేసుడు పెట్టిన, సెట్టింగ్ మౌస్‌లనే సేవ్ అయితది కాబట్టి స్టూడియో సిస్టంల సాఫ్ట్‌వేర్ లేకున్నా నడుస్తది. నొప్పి? తగ్గింది, మే నెల నుంచి గుర్తు చేసుకుంటే తప్ప తెలుస్తలేదు. కానీ మౌస్ ఒక్కదానికే పేరియ్యను, అదే టైంల కుర్చీ ఎత్తు పెంచిన, మోచెయ్యి బల్లకు సమానంగ వచ్చేటట్టు, గంటకోసారి లేస్తున్న. మీకు నిజంగ నొప్పి ఉంటే ముందు డాక్టర్‌కు చూపెట్టుకోండి, మౌస్ తర్వాత.

ఎవరు కొనొద్దో సుత చెప్త. 60 హెర్ట్జ్ మానిటర్ ఉండి చేతిల పదిహేను వేలుంటే ముందు మానిటర్ మార్చండి. ల్యాప్‌టాప్ బెడ్ మీద పెట్టుకోని ఆడేటోళ్లకు ఇది దండగ, జాగ లేనిది తక్కువ బరువుతోటి పని లేదు. ఉన్న మౌస్ పెన్సిల్ సెల్లుదైతే, మామూలు ఆల్కలైన్ సెల్లు తీసి లిథియం సెల్లు వేసి చూడండి, 23 గ్రాముల కాడ 15 గ్రాములు, ఎనిమిది గ్రాములు ఉత్తగనే తగ్గుతది, అది నచ్చితే అప్పుడు ఖరీదు దాని గురించి ఆలోచించండి. లైట్లు కావాలనేటోళ్లకు సుత ఇది కాదు, దీనికి ఒక్క రంగు లైటు లేదు, పైన డీపీఐ బటన్ సుత లేదు, ఉన్నవి అయిదే బటన్లు. నాకైతే తీసేసినవాటికే పైసలిచ్చిన అనిపిస్తది, వైరు తీసిండ్రు, బరువు తీసిండ్రు, లేట్ తీసిండ్రు, మిగిలిందంతా నా చేతికే ఇచ్చిండ్రు.

తమ్ముడు సుత ఇప్పుడు ఇదే కావాలంటుండు. ఫోన్‌ల చెయ్యి కొలిపిచ్చిన, పదిహేడుకు జెర తక్కువ వచ్చింది, వానికి ఇది పొడుగైతది అని నా అనుమానం. ఆషాఢం గద, పెండ్లిళ్లు లెవ్వు, నాకు తీరిక ఉన్నది. వచ్చే శనివారం ఇద్దరం కలిసి మళ్ల సికింద్రాబాద్ పోతున్నం, ఈసారి పొట్టివి పట్టి చూడనీకె, వాని చేతిలకు ఏది సరిగ్గ కూసుంటదో చూసి దాని సంగతి సుత రాస్త.